సలుపు

తోతాపురి సీజను మొదలై పదైదో రోజు.
టెంకకీ కత్తికీ నడమ
నా ఎడమచెయ్యి చూపుడు వేలు పడింది.
చిన్న గాటే.
సొనకి చుర్రుమనింది. కొళాయి కింద పెట్టి,
గుడ్డపేలిక చుట్టి, మళ్ళీ బెంచీ ముందర నిలబడినా.
గుడిపాల రోడ్డు ఫ్యాక్టరీలో
కిలోలకి లెక్కుంది. వేళ్ళకి లేదు.

మూడో రాత్రికి వేలు వంకాయయింది.
ఎర్రగా, నున్నగా, పెనం మాదిరి వేడిగా.
గుండెకాయ వేల్లోకి దిగి కాపురం పెట్టినట్టు
ఒకటే సలుపు.
చిత్తూరంతా పడుకునింది.
బెంగుళూరు రోడ్డు మీద లోడు లారీలు మటుకు
మాగిన వాసన ఒలకబోసుకుంటా పోతా ఉండాయి.

"ఎవురు చేస్తా ఉండారే నాకీ పని?"
తిరుపతిలో మైక్రోబయాలజీ చదివే నా కూతురు నిరోష
ఉప్పునీళ్ళ గిన్నె ముందర పెట్టి
"నువ్వే" అనింది.
"క్రిమి చేసింది రొంత. మిగతాదంతా నువ్వే."

కోపమొచ్చింది నాకు.

కరెంటు బిల్లు వెనకపక్క సున్నా గీసింది.
"ఇది కణం. లోపల ప్రోటీన్లుంటాయి.
మామూలప్పుడు ఒకదాని మొకం ఒకటి చూసుకోవు,
మడత మంచాల మాదిరి
కాళ్ళు ముడుచుకోని ఎక్కడివక్కడ.
క్రిమి తాలూకు తునక ఒకటి లోపలికొస్తే చాలు
మడతలు విప్పుకుంటాయి.
ఒకటి ఇంకోదాన్ని పట్టుకుంటుంది, అది మరోదాన్ని.
చక్రం కడతాయి.
అంతదాకా మొద్దుగా పడున్న కత్తెర
ఆ చక్రం ఒళ్ళో పదునెక్కుతుంది."

"ఏం కత్తిరిస్తుంది?"

"నోటికి కుట్లేసిన కబురు ఒకటుంటుంది. ఆ కుట్లు.
ఇంకోటి..."
ఆగింది.
పెన్సిలు మొనతో ఆ సున్నా గీతని
పొడిచింది, పొడిచింది,
బిల్లుకి బొక్కలు పడేదాకా.
"గోడ. కణం తన గోడకే తూట్లు పెట్టుకుంటుంది.
కబురు బయటపడేదానికి అదే దోవ.
కబురు రక్తంలోకి పోతుంది. కణం పోతుంది."

ఉప్పునీళ్ళు చల్లారినాయి.
నాకు కన్నియప్ప గుర్తొచ్చినాడు.

కోల్డు స్టోరేజీలో అమోనియా లీకయిన రాత్రి
సైరను మోగలా. తలుపుకి బయట తాళం.
ఏడాదంతా పక్కపక్కన కోసి కూడా
పేర్లడగని ఆడోళ్ళం, పదకొండు మందిమి,
చెయ్యీ చెయ్యీ పట్టుకున్నాం కండ్లు కనపడక.
వాచ్‌మన్ కన్నియప్ప ఉత్త పిడికిలితో
కిటికీ అద్దాన్ని గుద్దినాడు.
అద్దం పగిలింది. మా కేక రోడ్డెక్కింది.
జనం వచ్చినారు, గడ్డపారలతో, తడి గోతాలతో.
పదకొండు మందిమీ బయటపడినాం.
ఆయన పడలా.
కంపెనీ పుస్తకంలో ఆ రాత్రి పేరు
'కిటికీ నష్టం'.

"అట్లయితే ఈ మంట?"
"ఆ కేక విని వస్తా ఉండే జనం మా.
వాళ్ళకి సందివ్వడానికే వాపు.
వాళ్ళ అడుగులే నీ సలుపు."

పక్క గదిలో మా మామ చెంగల్రాయుడు మూలిగినాడు.
ఆయన కాలి బొటనవేలికి
దుప్పటి కొస తగిలినా ప్రాణం పోతుంది.
"అక్కడ ఏ క్రిమీ లేదు" అనింది నిరోష గొంతు తగ్గించి.
"కీలులో ఉప్పుపలుకుల మాదిరివి చేరినాయి.
వాటిని చూసే ఈ చక్రం దొంగ దొంగ అంటుంది.
కేకెయ్యడం తెలుసు దానికి.
ఎప్పుడు వద్దో తెలీదు."
అంతకంటే ఆ పిల్లా చెప్పలా, నేనూ అడగలా.

తెల్లారి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ గాటు పెట్టింది.
చీము కారింది, పచ్చగా, చిక్కగా.
దూదితో తుడవబోతే
"ఒక్క నిమిషం మేడం" అన్నా.
ఆమెకేం అర్థం కాలా.
లైనులో నా వెనక ఇరవై మంది.

సోమవారం కట్టుతోనే పనికి పోయినా.
కొత్త అద్దం వేసినారు కిటికీకి.
లోపలిపక్క
ఇనుప చువ్వలు కూడా.